విమానం దేవనహళ్లికి, వెంచర్లు మనకు!

దేవనహళ్లిలో బెంగళూరు కొత్త విమానాశ్రయం 2008 మేలో తెరుచుకుంది. అప్పటి నుంచి కొడికొండ చెక్‌పోస్టు, చిలమత్తూరు, హిందూపురం భూముల లెక్కే మారింది. ఎకరాకు ఎన్ని బస్తాల చెనక్కాయలు పండుతాయని అడిగేవాడు లేడు. ఎయిర్‌పోర్టుకు ఎంత సేపు అనేదే ప్రశ్న.

లోకంలో ఇది కొత్త కాదు. రయన్‌ఎయిర్ లాంటి చౌక విమానాలు లండన్ నుంచి ఫ్రాన్స్‌లోని కార్కసోన్ వంటి చిన్న ఊళ్లకు మొదలయ్యాక, బ్రిటిష్ వాళ్లు అక్కడి పాత ఇళ్లు ఎగబడి కొన్నారు. ధరలు పెరిగాయి. అయితే ఆ ఊళ్లలో విమానమైనా దిగింది. మనకు ధర వచ్చింది, విమానం రాలేదు!

ఎందుకు రాలేదు? 2004లో కేంద్రం బెంగళూరు విమానాశ్రయ సంస్థతో చేసుకున్న ఒప్పందం చూడండి. 150 కిలోమీటర్ల గగన దూరంలో, మైసూరు, హాసన్ తప్ప, మరే అంతర్జాతీయ విమానాశ్రయమూ 25 ఏళ్ల దాకా, అంటే 2033 మే వరకూ రాకూడదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, పుట్టపర్తి అన్నీ ఆ గీత లోపలే ఉన్నాయి. ఆ గీత గీసేటప్పుడు మనల్ని అడిగిందెవరు?

దేశీయ విమానాలకు ఆ అడ్డు లేదు. పుట్టపర్తిలో 1990 నుంచి రన్‌వే ఉంది. మరి సర్వీసులెందుకు నిలబడలేదు? 'డిమాండ్ లేదు' అంటారు. కియా పని మీద పెనుకొండకు వచ్చే కొరియా ఇంజినీరు, ధర్మవరం పట్టు వ్యాపారి, అమెరికా వెళ్లే హిందూపురం విద్యార్థి ఎక్కేదీ దిగేదీ దేవనహళ్లిలోనే. మన ప్రయాణికుణ్ణి బెంగళూరు ఖాతాలో రాసి, మన ఖాతా ఖాళీ అంటే ఎట్లా?

డిమాండ్ చూడకుండా కట్టమని మేమూ అనం. స్పెయిన్‌లో సియుదాద్ రియల్ విమానాశ్రయాన్ని దాదాపు వంద కోట్ల యూరోలతో కట్టి 2008లో తెరిచారు. ప్రయాణికులు లేక 2012లో మూసేశారు. కడపలో 2017 ఏప్రిల్‌లో ఉడాన్ కింద హైదరాబాద్ సర్వీసు మొదలైంది. దాన్ని నడిపిన ట్రూజెట్ 2022 నాటికి ఆగిపోయింది. రాయితీ ఒక్కటే విమానాన్ని నిలబెట్టదు.

విమానాశ్రయం పక్కనే ఉందన్న ఆశ చూపి తీసుకున్న భూమి మాటేమిటి? లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు పోయాయి. చెప్పిన ఉద్యోగాలు రాలేదు. భూములు బ్యాంకు అప్పుల వ్యాజ్యాల్లో చిక్కాయి.

అందుకే మూడు అడుగుదాం. బెంగళూరులో విమానమెక్కే మనవాళ్లెందరో ఊరి వారీగా లెక్క తీయాలి. ఆ లెక్క ముందు పెట్టి పుట్టపర్తి రన్‌వే సంగతి తేల్చాలి. 2033లో గడువు తీరాక ఆ షరతును మళ్లీ పొడిగించకుండా మన ఎంపీలు ఇప్పుడే మాట ఇవ్వాలి. విద్యార్థులారా, ఉద్యోగులారా, ఓటు అడగడానికి వచ్చిన ప్రతి నాయకుడి ముందూ ఈ మూడూ పెట్టండి. లేకుంటే ఈసారి గీసే గీత కూడా మనల్ని అడగకుండానే గీస్తారు.