కొక్కెం మీది రెండు అంకెలు

అమెరికాలో వేసవి రాగానే సొంత పడవను కారు వెనుక తగిలించుకొని సరస్సులకు తరలే కుటుంబాలు అనేకం. పడవను మోసే చక్రాల బండి ట్రెయిలర్. దానిని కారుకు కలిపే ఇనుప కొక్కెం మీద రెండు అంకెలు చెక్కి ఉంటాయి. వాటిని చదవడం తెలియకపోతే విహారం ప్రమాదంగా పరిణమించవచ్చు.

మొదటిది, లాగదగిన మొత్తం బరువు. మొదటి తరగతి కొక్కేనికి ఇది 2,000 పౌన్లు, అనగా సుమారు 907 కిలోలు; రెండవ తరగతికి 3,500 పౌన్లు. పడవతోపాటు ట్రెయిలర్, మోటారు, లంగరు, సామాను, ఇంధనం అన్నీ ఈ లెక్కలోనివే. 100 లీటర్ల పెట్రోలే సుమారు 75 కిలోలు తూగుతుంది. పైగా కారు, కొక్కెం, దాని గుండు, వీటిలో ఏది బలహీనమో దాని హద్దే అన్నింటికీ హద్దు.

రెండవ అంకె, ట్రెయిలర్ ముందుకొన కొక్కెంపై మోపదగిన భారం. సాధారణంగా ఈ భారం మొత్తం బరువులో 10 నుండి 15 శాతం ఉండాలంటారు. పడవల ట్రెయిలర్లకు కొంత తక్కువైనా చాలునని కొందరు తయారీదారులు సూచిస్తారు. ఎద్దుబండి తోలినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. వెనుక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది. ముందు బరువెక్కితే ఎద్దుల మెడలు కుంగుతాయి. ఇక్కడా అంతే. భారం చాలకపోతే ట్రెయిలర్ వేగంలో అటూ ఇటూ ఊగి కారునే పక్కకు ఈడుస్తుంది. మించితే కారు వెనుకభాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు సడలుతుంది.

కనుక ఊహను నమ్మక, సామాను సర్దిన తరువాతనే ట్రెయిలర్‌ను తూకం వేయించడం వివేకం.