ఐదో సొరకాయ ఎవరు తీసుకుంటారు?

మిద్దెతోట పెట్టినవాళ్లకు ఒక విచిత్రమైన కష్టం ఉంటుంది. విత్తనం మొలవకపోవడం కాదు, కోతుల బెడద కాదు. కాయలు ఎక్కువైపోవడం! జూన్‌లో పెట్టిన సొరపాదు ఆగస్టుకల్లా పందిరంతా అల్లుకుని, వారానికి మూడు నాలుగు కాయలు చేతికిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మా వైపు వీధుల్లో అందరం ఒకే వానకు విత్తనాలు పెడతాం కాబట్టి, అందరికీ ఒకే వారంలో కాపు వస్తుంది. మొదటి కాయ ఇస్తే పక్కింటి వదినగారు "అయ్యో, మీ పాదుదే!" అంటూ మురిసిపోతారు. రెండోది నవ్వుతూ తీసుకుంటారు. మూడోది మొహమాటానికి. ఐదోది పట్టుకెళ్తే "మేం ఊరెళ్తున్నాం" అంటారు.

కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు నారపల్లిలో తన ఇంటి మీద పెంచిన తోట చూసి, మన నగరంలో ఎందరో డాబాల మీద మట్టి ఎత్తారు. పండించడం నేర్చుకున్నాం, సరే. పండింది పారేయకుండా చెల్లించుకోవడం కూడా నేర్చుకోవాలి కదా!

ఈ బాధ మనదొక్కరిదే కాదండోయ్. అమెరికాలో మన సొరకాయకు చుట్టమే అయిన జుకినీ ఇలాగే విరగ కాస్తుంది. పొరుగింటి వరండాలో గుట్టుగా జుకినీలు పెట్టి వచ్చేయడానికి ఆగస్టు 8ని సరదాగా ఒక 'దినం' కూడా చేసుకున్నారు వాళ్లు. జుకినీ బ్రెడ్ అనే తీపి కేకు అంతగా వాడుకలో ఉండటానికి ఈ కాపే ఒక కారణం. బ్రిటన్‌లో 1940 జనవరిలో చక్కెరకు రేషన్ పెట్టినప్పుడు కేకుల్లో, పుడ్డింగుల్లో తీపి కోసం క్యారెట్ తురిమి వేసుకున్నారు. మనకూ ఇది కొత్త కాదు. హైదరాబాదీ పెళ్లిళ్లలో వడ్డించే కద్దూ కీ ఖీర్ సొరకాయదే. ఇప్పుడు కాస్త ముందుకెళ్లి కేకు చేద్దామంటున్నాను, అంతే. ఐదో సొరకాయ వద్దన్నవాళ్లెవరూ కేకు ముక్క వద్దనరు.

అయితే తురమడానికి ముందు ఒక్క పని మాత్రం మర్చిపోవద్దు. మన అమ్మలు దోసకాయ ముక్క కొరికి చూడకుండా పప్పులో వెయ్యరు. సొరకాయకూ ఆ అలవాటే కావాలి. రెండు చివర్ల నుంచీ చిన్న ముక్క కోసి నాలిక మీద పెట్టుకోండి. చేదనిపిస్తే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఇది చాదస్తం కాదు. చేదెక్కిన కాయలో కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలుంటాయి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ ఈ సంగతి పరిశీలించి, ముందు ముక్క రుచి చూడాలనీ, చేదుంటే వాడొద్దనీ చెప్పింది. వండితే ఆ చేదు విరగదు. పైగా కేకులో బెల్లం, యాలకులు కలిసి చేదును నాలికకు తెలియకుండా దాచేస్తాయి. అందుకే పచ్చిగా ఉన్నప్పుడే చూసుకోవాలి. పొరపాటున తిన్నాక వాంతులు, విరేచనాలు మొదలైతే ఇంటి వైద్యం చేసుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి. పెంచిన ప్రేమ కొద్దీ "కొంచెం చేదే కదా" అనుకోవద్దు.

ఇక కేకు. సొరకాయలో నూటికి 95 పాళ్లకు పైగా నీళ్లే. కేకు మధ్యలో ముద్దగా ఉండిపోయిందంటే కారణం సాధారణంగా అదే. తొక్క, గింజలు తీసి తురిమి, చిటికెడు ఉప్పు కలిపి పది నిమిషాలుంచి, పలచటి గుడ్డలో గట్టిగా పిండాలి. ఆ నీళ్లతో చపాతీ పిండి కలుపుకోండి. పిండిన తురుము ఒక కప్పు కావాలి. 200 గ్రాముల గోధుమపిండిలో చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా కలిపి జల్లించండి. వేరే గిన్నెలో 120 గ్రాముల బెల్లం పొడి, 150 మిల్లీలీటర్ల పెరుగు, 100 మిల్లీలీటర్ల నూనె గిలకొట్టి, తురుము, నాలుగు యాలకుల పొడి వేయండి. అందులో పిండి పోసి, తడిసేదాకానే కలపండి. ఎక్కువ కలిపితే కేకు సాగుతుంది. గరిటె నుంచి మెల్లగా జారాలి. గట్టిగా ఉంటే రెండు చెంచాల పాలు పోయండి. ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు. ఓవెన్ లేకపోతే పాత మందపాటి గిన్నెలో ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేశాక కేకు గిన్నె దించి, సన్న సెగ మీద 50 నిమిషాలుంచండి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు.

గుమ్మడికాయైతే తురమక్కర్లేదు. ఆవిరి మీద ఉడికించి మెదిపి వేయండి, పెరుగు సగానికి తగ్గించండి. బీట్‌రూట్, క్యారెట్ తురిమి పిండకుండానే వాడొచ్చు.

ఇంకొక్క మాట. కూరగాయ పడింది కదా అని కేకు మందైపోదు. పైన చెప్పిన కొలతకు పది ముక్కలు కోస్తే, ఒక్కో ముక్కలో 12 గ్రాముల బెల్లం ఉంటుంది. అంటే రెండున్నర, మూడు చెంచాలు. షుగరున్న మామగారికి "ఇది సొరకాయేనండీ, తినండి" అని కొసరి పెట్టొద్దు. బెల్లమైనా చక్కెరైనా రక్తంలో పెద్ద తేడా చూపించదు. ఆయనకు ఆ కాయతోనే పప్పు వండండి, సరిపోతుంది.

మిగిలిన ముక్కల్ని వేడి చల్లారాక డబ్బాలో పెట్టి పంచేయండి. తేమ ఎక్కువ కాబట్టి ఈ వానల్లో రెండో రోజు దాటితే బూజు పడుతుంది, ఫ్రిజ్‌లోనైతే నాలుగు రోజులుంటుంది. అసలు అన్నిరోజులు మిగలదనుకోండి! డబ్బా తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా పంపడం మన ఇళ్లలో మర్యాద కాదు. కాబట్టి అందులో ఈసారి వాళ్ల మిద్దె మీది బీరకాయలొస్తాయి. వాటితో కేకు మాత్రం నన్నడక్కండి, పొట్టు పచ్చడి చేసుకోండి.