ఘాజీ కథలో కూరగాయల బండి కూడా ఉంది

ఈరోజు పోస్టు పంట గురించి కాదు, సినిమా గురించి. మాదాపూర్, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ నౌకరీలు చేసే మన ఊరి పిల్లలు పండక్కి వస్తే యుద్ధం ముచ్చట్లలో "ఘాజీ" సినిమా తప్పకుండా వస్తది. మన జలాంతర్గామి పోయి పాకిస్తాన్ జలాంతర్గామిని ముంచింది, అంతా నిజంగా జరిగిందే అని గట్టిగా చెప్తారు. సినిమా చూడమని నేనూ చెప్తా. కానీ జరిగింది అది కాదు. జరిగిన దాంట్లో మనలాంటోళ్లకు ఇంకా ఎక్కువ చోటుంది.

ముందు సినిమాకు ఇవ్వాల్సిన మర్యాద ఇద్దాం. 2017 ఫిబ్రవరిలో వచ్చింది. సంకల్ప్ రెడ్డికి అదే మొదటి సినిమా. పాటలు లేవు, కామెడీ ట్రాక్ లేదు. కథ చాలా వరకు ఇనుప గొట్టం లాంటి జలాంతర్గామి లోపలే నడుస్తది. పైనుంచి ఆర్డరు వచ్చేదాకా ఆగాలా, ముందే కొట్టాలా అని కేకే మీనన్, రానా తగువు పడుతుంటే మనకు ఊపిరాడదు. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు దానికే వచ్చింది. ఇట్లాంటి సినిమాలు హాలీవుడ్ వాళ్లకు పాతవే. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1943లో, 'డెస్టినేషన్ టోక్యో' అని ఒక కల్పిత జలాంతర్గామి కథ తీశారు. ఆ మరుసటి ఏడాది అమెరికాలో 'డియాబ్లో' అనే అసలు జలాంతర్గామి నీళ్లలో దిగింది. తర్వాత పాకిస్తాన్ చేతికొచ్చి ఘాజీ అయింది అదే.

ఇప్పుడు 1971కి వద్దాం. ఘాజీ వచ్చింది మన విక్రాంత్ నౌక కోసం. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు దాచారు. విశాఖలో తూర్పు నౌకాదళం చూసే వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఒక ఎత్తు వేశారు. రాజ్‌పుత్ అనే పాత నౌకతో విక్రాంత్ మాట్లాడినట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించారు. పెద్ద నౌకాదళం వస్తోందన్నట్టు కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు భారీగా ఆర్డరు పెట్టించారు. మార్కెట్లో గూఢచారి ఉంటే ఆ లెక్క చూసి నమ్మాలని.

డిసెంబర్ 3 అర్ధరాత్రి రాజ్‌పుత్ రేవు దాటుతూ అనుమానం వచ్చిన చోట నీటి అడుగున పేలే బాంబులు వేసింది. తెల్లారి నీళ్ల మీద తేలిన నూనె, సామాన్లు మొదట కనిపించింది మత్స్యకారులకు. ఘాజీలో తొంభై మందికి పైగా పోయారు. రాజ్‌పుతే ముంచిందని మన నౌకాదళం అంటది, లోపలి పేలుడు వల్లో సొంత మందుపాతర వల్లో మునిగిందని పాకిస్తాన్ అంటది. మన జలాంతర్గామి ముంచిందని మాత్రం రెండు వైపులా ఎవరూ అనరు.

కూరగాయల బండి మీద సినిమా ఎవడు తీస్తాడు, ఎవడు చూస్తాడు అంటారేమో. రాని నౌకల కోసం సరుకు కొంటున్న కాంట్రాక్టరు, ఏమీ తెలియక కోసి పంపిన రైతు, పొద్దున్నే వల వేయబోయి నూనె తెట్టు చూసిన జాలరి. ఇందులో ఉత్కంఠ తక్కువేం లేదు. హీరోకు టార్పెడో ఉంటేనే కథ అనుకోవడంతోనే వీళ్లంతా పక్కకు పోయారు.

ఇది మనకు కొత్త కాదు. 1998లో సైబర్ టవర్స్ ఎవరు ప్రారంభించారో ఫోన్లో చూసి మన పిల్లలు ఒక్క నిమిషంలో చెప్తారు. అంతకు ముందు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు సాగు చేసేవారో ఏ ఫోనూ చెప్పదు. పెద్ద పేరున్నోడే మిగులుతాడు, సరుకు మోసినోడు మాయమైతడు.

కల్పన తప్పని నేననను. తమది కల్పనేనని సినిమావాళ్లే ముందు కార్డు వేశారు. దాన్ని చరిత్ర చేసింది చూసినోళ్లే. అందుకే ఈసారి పిల్లలు ఆ ముచ్చట తెస్తే సినిమా బాగుందనే చెప్పండి. ఆ వెంటనే రాజ్‌పుత్ పేరు చెప్పండి, జాలర్ల మాట చెప్పండి, కూరగాయల లెక్క చెప్పండి. మనం చెప్పకపోతే వాళ్లకు ఇంకెవరూ చెప్పరు.