చావుబ్రతుకుల వినోదము

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 బండి నేడు మా నల్లగొండ, మహబూబ్‌నగరు పల్లెలకు కొంగుబంగారము. దానిని గతుకుబాటపై నడుపు పైలటును (డ్రైవరుకు అచ్చట అదియే పేరు), బండిలోనే పురుడు పోయు సిబ్బందిని తెరపై చూపి మెప్పు తెచ్చెదమని టెలివిజనువారందురు. మంచిదే. పడియున్న రోగి నడిగితిరా? మొగము మసకపరచితిమి గదా యందురు!

న్యూయార్కులోను అట్లే మసకపరచిరి. 2011లో చెత్తలారీ గ్రుద్దగా ఆసుపత్రిలో మరణించిన వృద్ధుని కడపటి ఘడియలను, ఇంటివారి నడుగకయే, మరుసటియేట ‘ఎన్‌వై మెడ్’ అను కార్యక్రమమున ప్రసారము చేసిరి. తెరముందు కూర్చున్న భార్య గొంతునుబట్టి భర్తను గుర్తించినది. ఇట్టి చిత్రణకు తలుపు తెరచినందులకు ఆ ఆసుపత్రి 2016లో 22 లక్షల డాలర్లు చెల్లించుకొన్నది.

గృహస్థులమైన మనము ఛానళ్లకు జాబులు వ్రాయుదము: తెలివి వచ్చిన రోగి ఒప్పుకొనువరకు కెమేరా బండి తలుపువద్దనే ఆగవలయును.