కర్ర కొనే ముందు కొన చూడండి

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. స్నూకర్ పార్లర్లలో ఈ సామెత రోజుకి పదిసార్లైనా వినిపిస్తుంది. నల్ల బంతి పాకెట్ మూతి దాకా వెళ్లి ఆగిపోగానే, ఆడినవాడు చేసే మొదటి పని చేతిలో ఉన్న స్టిక్ వంక అనుమానంగా చూడటం. పక్కనున్నవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ మద్దెల నిజంగానే ఓడు అయిన రోజులు కూడా ఉంటాయండీ. అలాంటప్పుడు ఓడు ఎక్కడుందో కనిపెట్టడం తెలియాలి. లేకపోతే డబ్బులు పోతాయి, ఆట కూడా పోతుంది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, వరంగల్ నుంచి ఒక పాఠకుడు రాశాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడట. ఆరు నెలలు కడుపు కట్టుకుని 40 వేలు దాచాడట. "పూల్ అంటే ప్రాణం సార్. మంచి కార్బన్ స్టిక్ కొనుక్కుందామనుకుంటున్నా. కర్రముక్కకి 40 వేలా అని నాన్న రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు. మీరే చెప్పండి" అన్నాడు. తండ్రీ కొడుకుల మధ్య తీర్పు చెప్పే వయసు నాకింకా రాలేదు. కాకపోతే ఆ కర్రముక్క ఏం చేస్తుందో, ఏం చేయదో చెప్పగలను.

పూల్ స్టిక్ చేతిలోకి తీసుకోండి. వెనక లావుగా ఉన్నది బట్. ముందు సన్నగా ఉన్నది షాఫ్ట్. షాఫ్ట్ చివర తెల్లటి చిన్న తొడుగు, దాన్ని ఫెరూల్ అంటారు. ఆ తొడుగు మీద అతికించిన తోలు బిళ్లే టిప్. మొత్తం పొడవు మామూలుగా 58 అంగుళాలు. బరువు 510 నుంచి 595 గ్రాముల మధ్య ఉంటుంది. ఇంత పొడుగు కర్రలో బంతిని తాకేది మాత్రం సుమారు 13 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ తోలు బిళ్ల ఒక్కటే. అదీ సెకనులో వెయ్యో వంతు సేపు, కాస్త అటూ ఇటూగా. షాపులో మనం చూసేదేమో బట్ మీద పొదిగిన ముత్యపుచిప్ప, పట్టుకునే చోట నున్నగా చుట్టిన దారం. ఖరీదులో పెద్ద వాటా వాటిదే. ఆ ముత్యపుచిప్పకి బంతితో జన్మలో పరిచయం ఉండదు.

ఒకప్పుడు ఈ తోలు బిళ్ల కూడా లేదు. ఉత్త కర్రతోనే కొట్టేవాళ్లు. మధ్యలో తగిలితే సరే, కొంచెం పక్కకి తగిలితే జారిపోయేది. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో మింగో అనే సైన్యాధికారి, రాజకీయ ఖైదీగా జైల్లో ఉండి, బిలియర్డ్స్ ఆడుతూ కర్ర కొనకి తోలు తొడిగాడు. అంతే, ఆట స్వరూపమే మారిపోయింది. బంతిని పక్కన కొట్టొచ్చు, కింద కొట్టొచ్చు, వెళ్లిన బంతిని వెనక్కి రప్పించొచ్చు. ఇవాళ మనం స్క్రూ అని, సైడ్ అని మురిసిపోయేవన్నీ ఆ తోలు ముక్క చలవే.

ఇక టిప్‌లో రకాలు. మెత్తవి, మధ్యరకం, గట్టివి. తయారీని బట్టి చూస్తే ఒకే తోలు ముక్కని అదిమి చేసినవి ఒక జాతి. అమెరికా వాళ్ల ఎల్క్ మాస్టర్, ట్రయాంగిల్ ఈ జాతివే. పల్చటి పంది తోలుని పొరలు పొరలుగా అతికించి చేసినవి రెండో జాతి. జపాన్ వాళ్ల మూరి, కముయి ఇందులోకి వస్తాయి. ఒకే ముక్కతో చేసినవి చవక. చిక్కేమిటంటే, ఒకే డబ్బాలోంచి తీసిన రెండు టిప్‌లు కూడా ఒకలా ఉండవు. ఒకటి మెత్తగా ఉంటే ఇంకోటి రాయిలా ఉంటుంది. అందుకే కొందరు ఎల్క్ మాస్టర్‌ని పాలలో నానబెట్టి, బిగించి అదిమి, ఆరాక అతికిస్తారు. గట్టిపడి ఆకారం నిలుస్తుందని వాళ్ల నమ్మకం. పొరల టిప్ ఖరీదెక్కువ. అయితే ఇవాళ కొన్నదీ ఏడాది తర్వాత కొన్నదీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఆ నమ్మకానికే మనం డబ్బులిచ్చేది.

మెత్తటి టిప్‌తో కొడితే 'దబ్' మంటుంది. చాక్‌ని బాగా పట్టుకుంటుంది. కానీ త్వరగా అణిగిపోయి, అంచులు పుట్టగొడుగులా బయటికి పొంగుతాయి. గట్టి టిప్ 'టక్' మంటుంది. అదే దెబ్బకి బంతి కాస్త చురుగ్గా వెళ్తుంది, ఆకారం చాలాకాలం నిలుస్తుంది. అయితే నున్నగా మెరిసిపోయి చాక్‌ని వదిలేస్తుంది. అప్పుడప్పుడూ పైపైన గరుకు చేస్తూ ఉండాలి. మెత్తటి టిప్‌తో స్పిన్ బాగా వస్తుందని ప్రతి పార్లర్‌లోనూ ఒక పెద్దమనిషి చెబుతాడు. నిజానికి ఆ తేడా చాలా తక్కువ. స్పిన్ వచ్చేది బంతి మధ్య నుంచి మీరు ఎంత పక్కకి కొట్టారన్న దాన్ని బట్టి. దానికీ ఒక హద్దుంది. మధ్య నుంచి అంచుకి ఉన్న దూరంలో సుమారు సగం దాకానే టిప్ పట్టు ఉంటుంది. పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్లు కాబట్టి, ఆ హద్దు 14 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అది దాటితే ఎంత ఖరీదైన టిప్ అయినా జారాల్సిందే.

మరి "ఫీల్ బాగుంది" అంటారే, అదేమిటి? చాలావరకు చెవికి వినిపించే చప్పుడు, అరచేతికి తెలిసే అదురు. చేతికి అందిన ఆ కబురు మెదడుకి చేరేసరికి బంతి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. అంటే ఫీల్ ఈ షాట్‌కి పనికిరాదు, వచ్చే షాట్‌కి పనికొస్తుంది. దోసె పెనం మీద నీళ్లు చిలకరిస్తే వచ్చే చుయ్ అనే చప్పుడుతో మా అమ్మ వేడి ఎంతుందో చెప్పేసేది. పెనం మారిస్తే ఆ లెక్క మళ్లీ నేర్చుకోవాలి. టిప్ కూడా అంతే. మెత్తదా, గట్టిదా అన్నది మీ ఇష్టం. నెలకొకటి మారిస్తే మాత్రం చెవి ఏదీ నేర్చుకోదు. తేల్చుకోలేకపోతే మధ్యరకంతో మొదలుపెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైంది ఆకారం. టిప్ పైభాగం బల్లపరుపుగా ఉండకూడదు. ఇప్పటి రూపాయి నాణెం అంచు వంపు ఎలా ఉంటుందో, టిప్ గుండ్రం అలా ఉంటే సరిపోతుంది. పార్లర్ స్టిక్కుల్లో సగానికి సగం ఈ గుండ్రం పోయి, అరిగి, ఫెరూల్ అంచు దాకా వచ్చేసి ఉంటాయి. దాంతో సైడ్ కొట్టబోతే జారక ఏం చేస్తుంది? చాక్ సంగతీ చెప్పుకోవాలి. అది బడిలో వాడే సుద్దముక్క లాంటిది కాదు. 1897లో స్పింక్స్ అనే అమెరికన్ ఆటగాడు, హాస్కిన్స్ అనే రసాయన నిపుణుడు కలిసి పేటెంట్ తీసుకున్న గరుకు పొడి. దాన్ని గిరగిరా తిప్పి గుంట చేస్తే లాభం లేదు. బొట్టు పెట్టినట్టు మెల్లగా, అంచులకి కూడా అందేలా అద్దాలి. ప్రతి షాట్‌కీ అద్దాలి.

ఇప్పుడు షాఫ్ట్ దగ్గరికి వద్దాం. అసలు డబ్బంతా పోయేది ఇక్కడే. వైట్ బాల్‌ని కుడి పక్కన కొట్టారనుకోండి. అది మీరు గురిపెట్టిన గీత మీద వెళ్లదు, కొంచెం ఎడమకి జరిగి వెళ్తుంది. దీన్ని డిఫ్లెక్షన్ అంటారు. తాకిన ఆ వెయ్యో వంతు సెకనులో బంతి తిరగడం మొదలుపెట్టి, స్టిక్ కొనని పక్కకి తోస్తుంది. కొన బరువుగా ఉంటే అది తిరిగి బంతినే అటు తోస్తుంది. కొన తేలికైతే బంతి పక్కకి జరగడం తగ్గుతుంది. ఈ లెక్క ఆధారంగానే 1990ల్లో ప్రెడేటర్ అనే అమెరికా కంపెనీ ముందు భాగం తేలికగా ఉండే షాఫ్ట్‌లు తెచ్చింది. తర్వాత కార్బన్ షాఫ్ట్‌లు వచ్చాయి. వీటిలో పక్కకి జరగడం తక్కువన్న మాట నిజమే. తక్కువ అంటే తక్కువే, అసలు లేకుండా పోదు.

బాగానే ఉంది కదా, కొనేస్తే పోలే అనుకుంటున్నారా? మా పార్లర్‌కి వచ్చే ఒక మెడికల్ రెప్ కథ వినండి. ఎనిమిదేళ్లు ఒకే మేపుల్ స్టిక్‌తో ఆడాడు. రాత్రి తొమ్మిదికి బ్యాగు పక్కన పెట్టి టేబుల్ దగ్గరికొచ్చాడంటే ఆ గంట అతనిదే. పోయినేడాది ఆ పాతది అమ్మేసి, పైన అప్పు చేసి, ఖరీదైన కొత్త షాఫ్ట్ తెచ్చుకున్నాడు. రెండు నెలలు వరసగా ఓడిపోయాడు. వయసైపోయిందన్నాడు. కళ్లజోడు మార్పించుకున్నాడు. ఆఖరికి రావడమే మానేశాడు. రోజంతా డాక్టర్ల గుమ్మాల్లో నిలబడే మనిషికి ఆ ఒక్క గంటా పోయింది.

మా మార్కర్ని అందరం బాబాయ్ అంటాం. ముప్పై ఏళ్లుగా టిప్‌లు అతికిస్తున్న చెయ్యి ఆయనది. ఫోన్ చేసి రప్పించి, ఒకే షాట్ పదిసార్లు ఆడించాడు. మధ్యలో కొట్టినవన్నీ పడ్డాయి. సైడ్ పెట్టినవన్నీ ఒకే పక్కకి తప్పాయి. "నీ కళ్లకేం కాలేదు బాబూ. పాత కర్ర అబద్ధం చెబుతుంటే ఇన్నేళ్లూ నువ్వు సర్దుకున్నావు. కొత్తది నిజం చెబుతోంది, నువ్వింకా సర్దుతూనే ఉన్నావు" అన్నాడు బాబాయ్. ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. ఎనిమిదేళ్లలో అతని చెయ్యి ఆ స్టిక్ తప్పుని నేర్చేసుకుంది, ఎంత జరుగుతుందో అంతా ముందే లెక్కగట్టి గురి మార్చేది. తప్పు తగ్గిన స్టిక్ చేతికొచ్చినా పాత లెక్క పోలేదు. అది మర్చిపోవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. ఇప్పుడు మళ్లీ రాత్రి తొమ్మిదికి వస్తున్నాడు.

పెద్ద ఆటగాళ్లకీ ఈ సంగతి తెలుసు. స్నూకర్‌లో స్టీఫెన్ హెండ్రీ 1990 నుంచి 1999 దాకా ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ ఏడు టైటిళ్లూ చిన్నప్పుడు కొనుక్కున్న ఒకే స్టిక్‌తో గెలిచాడు. 2003లో విమాన ప్రయాణంలో అది విరిగిపోయింది. ఎలాంటి స్టిక్ కావాలన్నా తెప్పించుకోగల మనిషి అన్నేళ్లూ దాన్నెందుకు మార్చలేదో ఆలోచించండి.

కాబట్టి స్టిక్ మీద అనుమానం వస్తే బాబాయ్ పరీక్ష మీరూ చేసుకోండి. సైడ్ లేకుండా మధ్యలో కొట్టిన తిన్నటి షాట్లు కూడా తప్పుతున్నాయా? అయితే మద్దెల బాగానే ఉంది, చెయ్యి సరిచేసుకోవాలి. సైడ్ పెట్టినవి మాత్రమే, అదీ ఒకే తీరుగా తప్పుతున్నాయా? షాఫ్ట్‌తో మీకింకా పరిచయం కుదరలేదు, కొన్నాళ్లు ఓపిక పట్టండి. కొట్టగానే కీచుమని జారుతోందా? టిప్ చూడండి. ఈ మూడోదాన్ని చాలాసార్లు ఒక ఉప్పుకాగితం ముక్క, పది నిమిషాలు బాగుచేసేస్తాయి.

వరంగల్ తమ్ముడూ, ఇక నీ 40 వేల సంగతి. దాంట్లో నాలుగో వంతు పెట్టి, రెండు ముక్కల సాదా మేపుల్ స్టిక్ ఒకటి తీసుకో. 540 గ్రాముల దగ్గర ఉంటే ఎవరికైనా నప్పుతుంది. కొనేముందు ఒక కన్ను మూసి, బట్ వైపు నుంచి కొన దాకా చూడు, వంకర ఉంటే తెలిసిపోతుంది. దానికి మంచి మధ్యరకం పొరల టిప్ ఒకటి, అనుభవమున్న మార్కర్ చేత పెట్టించుకో. మిగిలిన డబ్బుల్లో కొంత టేబుల్ గంటలకి ఉంచు. ఏడాది పాటు ఆ స్టిక్ తప్ప ఇంకోటి ముట్టుకోకు. ఎండలో ఆపిన కారులో దాన్ని వదిలేయకు, గోడకి ఏటవాలుగా ఆనించకు. చెక్క వంగిపోతుంది. కార్బన్‌కి ఈ బాధ లేదు, గీతలూ సొట్టలూ అంత తేలిగ్గా పడవు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉండేవాళ్లకి అది పెద్ద సుఖమే. ఏడాది తర్వాత కూడా మనసు అటే లాగితే నిశ్చింతగా కొనుక్కో. అప్పటికి పాతదానికీ కొత్తదానికీ తేడా నీ చెయ్యే చెబుతుంది. మొదటి మూడు నెలలు ఓడిపోతావని మాత్రం ముందే రాసిపెట్టుకో.

నాన్నగారితో మాత్రం ఇవాళే మాట్లాడు. కర్రముక్కకి 40 వేలు ఎక్కువన్నది నిజమే, తోలు ముక్కకి రెండు వేలు మాత్రం ఎక్కువ కాదని చెప్పు. వీలైతే ఒకరోజు పార్లర్‌కి కూడా తీసుకెళ్లు. టిప్ పెట్టించాక మొదటి గంట ఎలా సాగిందో నాకు రాయడం మర్చిపోకు.