తూనికకు అందని ఆరోగ్యం

మానవుడు ఏ కార్యాన్ని సాధించాలన్నా అందుకు మొదటి సాధనం శరీరమే. ఆరోగ్యాన్ని మించిన భాగ్యం లేదని మన పెద్దలు పదేపదే చెప్పడంలోని ఆంతర్యం ఇదే. ఏది తినాలి, ఎంత తినాలి, ఎంత శ్రమించాలి అనే విషయాలను చాలాకాలం వరకు ఇంటి పెద్దల వద్ద, వైద్యుల వద్ద నేర్చుకొనేవారు. గత రెండు దశాబ్దాలలో ఆ గురుస్థానంలోకి టెలివిజన్ వచ్చి చేరింది. ముఖ్యంగా రియాలిటీ షోలు అనే కార్యక్రమాలు సామాన్య మానవులను వేదిక మీదకు తెచ్చి, వారి జీవితాన్ని ఉన్నది ఉన్నట్లు చూపుతున్నామని చెప్పుకొంటాయి. కల్పిత కథను చూచేటప్పుడు ప్రేక్షకునికి అది కల్పన అన్న ఎరుక ఉంటుంది. వాస్తవమన్న ముద్రతో వచ్చినదానిని అతడు పరీక్షించకుండానే నమ్ముతాడు. ఆహారం, శరీరపు బరువు అనే రెండు విషయాలలో ఈ నమ్మకం ఎంత చేటు చేయగలదో పరిశీలించడం అవసరం.

ఈ కోవకు చెందిన కార్యక్రమాలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది 'ది బిగ్గెస్ట్ లూజర్'. అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ 2004లో దీనిని ప్రారంభించి 2016 వరకు ప్రసారం చేసింది. 2020లో మరొక చానెల్ దీనిని తిరిగి ప్రసారం చేసింది. అనేక దేశాలలో దీనికి అనుకరణలు వెలువడ్డాయి. మన దేశంలో 2007లో సహారా వన్ చానెల్ 'బిగ్గెస్ట్ లూజర్ జీతేగా' అనే పేరుతో హిందీలో ప్రసారం చేసింది. ఆంగ్లంలో 'లూజర్' అనే పదానికి పోగొట్టుకొనేవాడు అని ఒక అర్థం, ఓడిపోయినవాడు, చేతకానివాడు అని మరొక అర్థం. అందరికంటె ఎక్కువ బరువు పోగొట్టుకొన్నవాడే విజేత అన్న చమత్కారం పైకి వినోదంగా తోస్తుంది. స్థూలకాయుడు జీవితంలో ఓడిపోయినవాడే అన్న తీర్పు కూడా అదే పదంలో ఇమిడి ఉంది.

ఈ పోటీ నియమాలు తెలుసుకోదగినవి. పోటీదారులు ఇల్లు, ఉద్యోగం, బంధుమిత్రులను విడిచి ఒక శిబిరంలో నివసిస్తారు. శిక్షకుల అదుపాజ్ఞలలో రోజుకు కొన్ని గంటలపాటు కఠిన వ్యాయామం చేస్తారు. ఆహారాన్ని బాగా తగ్గిస్తారు. ప్రతి భాగంలోను వారిని ఒక పెద్ద తూనిక యంత్రం మీద నిలబెట్టి, అందరి ఎదుట బరువు ప్రకటిస్తారు. తక్కువగా తగ్గినవారికి ఇంటిదారి పట్టవలసిన ప్రమాదం ఏర్పడుతుంది. ఎన్‌బీసీ ప్రసారం చేసిన కాలంలో చివరకు మిగిలిన విజేతకు 2,50,000 డాలర్ల బహుమతి లభించేది. చెమట, కన్నీరు, శిక్షకుల గద్దింపులు, ఉత్కంఠను పెంచే సంగీతం దీనికి తోడవుతాయి.

ఇంతటి హంగామా మధ్య ప్రేక్షకుని మనస్సులో రెండు భావాలు నాటుకొంటాయి. బరువు అనేది కేవలం మనోబలానికి సంబంధించినదని, లావుగా ఉన్నవాడు సోమరి లేక తిండిపోతు అని మొదటిది. ఎంత త్వరగా తగ్గితే అంత గొప్ప విజయమని రెండవది. ఈ రెండింటిలో ఏదీ శరీరధర్మానికి సరిపోదు. వంశపారంపర్య లక్షణాలు, హార్మోన్లు, నిద్ర, మానసిక స్థితి, వాడే మందులు, చేసే వృత్తి, కొనగలిగిన ఆహారం మొదలైనవన్నీ కలిసి మనిషి బరువును నిర్ణయిస్తాయి. మనోబలం వీటిలో ఒకటి మాత్రమే. మిగిలినవన్నీ కెమెరాకు కనిపించేవి కావు. కనిపించని వాటికి ఈ కథలో చోటు దక్కలేదు.

కార్యక్రమం ముగిసిన తరువాత ఏమి జరుగుతుందో చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. అప్పట్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేసిన కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ పని చేశారు. 2009లో ప్రసారమైన పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరు సంవత్సరాల తరువాత వారు పరీక్షించారు. ఆ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. పోటీ జరిగిన 30 వారాలలో ఆ పోటీదారులు సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్లలో సగటున 41 కిలోలు తిరిగి పెరిగారు. పద్నాలుగు మందిలో పదమూడుగురు మళ్లీ బరువు పెరిగారు. నలుగురు పోటీకి ముందున్న బరువును కూడా మించిపోయారు.

బరువు తిరిగి పెరగడం కంటె ఆశ్చర్యం కలిగించిన అంశం మరొకటి ఉంది. మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి శరీరం కొంత శక్తిని ఖర్చు చేస్తుంది. ఆ పోటీదారుల శరీరాలు, అదే పరిమాణం గల ఇతరుల శరీరాలతో పోలిస్తే, ఆరేళ్ల తరువాత కూడా రోజుకు సుమారు 500 కాలరీలు తక్కువగా ఖర్చు చేస్తున్నాయి. ఒక పూట సాధారణ భోజనం ఇచ్చే శక్తికి ఇది ఇంచుమించు సమానం. అంటే ఇతరులు తినే తిండినే తిన్నా వారు లావెక్కుతారు. కడుపు నిండిన తృప్తిని మెదడుకు తెలియజేసే లెప్టిన్ అనే హార్మోను కూడా వారిలో మునుపటి స్థాయికి చేరలేదు. అందువల్ల ఆకలి హెచ్చుగా ఉంటుంది. క్షామకాలంలో ఖర్చు తగ్గించుకొని ప్రాణం నిలుపుకోవడం శరీరానికి ప్రకృతి నేర్పిన విద్య. పోటీ కోసం పస్తులున్నాడో, పంటలు పండక పస్తులున్నాడో శరీరానికి తెలియదు. ఈ సంగతి తెలియని ప్రేక్షకుడు మాత్రం, మళ్లీ లావెక్కిన మనిషిని చూచి 'నిలుపుకోలేకపోయాడు' అని నిందిస్తాడు. నిందకు గురైనవాడు కూడా తనను తానే నిందించుకొంటాడు.

2014లో ఈ పోటీ గెలిచిన యువతి ఉదంతం కూడా గమనింపదగినది. ఆమె బరువు సుమారు 118 కిలోల నుండి 48 కిలోలకు తగ్గింది. అంతిమ ఘట్టంలో ఆమెను చూచి శిక్షకులే నివ్వెరపోయారు. మునుపు లావుగా ఉన్నందుకు జాలిపడిన లోకమే ఇప్పుడు మరీ చిక్కిపోయిందని విమర్శించింది. బరువు ఎంత తగ్గితే అంత విజయమని నియమం పెట్టినవారు, ఆ నియమాన్ని తుదివరకు పాటించిన వ్యక్తిని తప్పు పట్టడంలో న్యాయం లేదు. ఎక్కడ ఆగాలో చెప్పని పోటీలో ఇటువంటి పరిణామం సహజమే.

ఈ కార్యక్రమాలను సమర్థించేవారి వాదనను కూడా ఆలకించాలి. ఊబకాయం వల్ల మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజం. కదలకుండా కూర్చున్న లక్షలాది ప్రేక్షకులకు ఈ కార్యక్రమాలు ప్రేరణ ఇస్తాయని వారంటారు. ఈ మాటను పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదు. 2017లో హాల్ బృందం వెలువరించిన మరొక పరిశీలనలో, శారీరక శ్రమను బాగా పెంచి కొనసాగించినవారే తగ్గిన బరువును ఎక్కువగా నిలుపుకోగలిగారని తేలింది. వ్యాయామం విలువను ఎవరూ కాదనరు. అయితే ఏళ్ల తరబడి, ఎవరూ చూడని వేళలలో, ప్రతిదినం సాగే నడకలో నాటకీయత లేదు. అటువంటి దానికి ప్రేక్షకులు దొరకరు. అందువల్లనే ఉపయోగపడే భాగం తెర వెనుక ఉండిపోయింది, హాని చేసే తొందర తెర మీదకు వచ్చింది.

ఈ తొందర ఎంతటిదో ఒక చిన్న లెక్క చెబుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనాలయంగా ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ సంస్థ 2024లో భారతీయులకు 17 ఆహార మార్గదర్శక సూత్రాలను ప్రకటించింది. బరువు తగ్గదలచినవారు వారానికి సుమారు అరకిలో చొప్పున తగ్గడం క్షేమమని, అందుకోసం తీసుకొనే ఆహారం రోజుకు 1000 కాలరీలకు తగ్గరాదని అందులో ఉంది. పైన చెప్పిన పోటీదారులు 30 వారాలలో 58 కిలోలు తగ్గారు. అంటే వారానికి దాదాపు రెండు కిలోలు, క్షేమమైన వేగానికి నాలుగు రెట్లు.

తూనిక యంత్రం చూపే అంకె ఆరోగ్యాన్ని పూర్తిగా తెలుపుతుందా అన్నది కూడా ఆలోచించవలసినదే. 2004లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తలు తమ ఛాయాచిత్రాన్నే ఉదాహరణగా ప్రకటించారు. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండవవారు ఇంగ్లండుకు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుతో పోల్చి బరువును లెక్కగట్టే బాడీ మాస్ ఇండెక్స్ ఇద్దరికీ ఒకటే, 22.3. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుని శరీరంలోనూ కొవ్వు అధికంగా ఉండవచ్చునని దీనివల్ల తెలుస్తుంది. మరొక సత్యం కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో సుమారు 24 శాతం అధిక బరువుతో ఉండగా, సుమారు 19 శాతం ఉండవలసినదానికంటె తక్కువ బరువుతో ఉన్నారు. ఇటువంటి దేశంలో 'తగ్గడమే గెలుపు' అన్న పాఠం అందరికీ ఒకేలా వర్తించదు. బలం పుంజుకోవలసిన బాలిక కూడా ఆ పాఠం విని అన్నం మానుకొనే ప్రమాదం ఉంది.

ఇది ఊహించి చెప్పిన భయం కాదు. పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ ద్వీపాలలో నాద్రోగా అనే ప్రాంతానికి 1995లో టెలివిజన్ ప్రసారాలు వచ్చాయి. అంతవరకు అక్కడివారు నిండైన శరీరాన్ని ఆరోగ్యానికి, ఆదరణకు గుర్తుగా భావించేవారు. అమెరికా పరిశోధకురాలు ఆన్ బెకర్ అక్కడి పాఠశాల బాలికలను ఆ సంవత్సరంలోను, తిరిగి 1998లోను పరిశీలించారు. వారు ఇంచుమించు ఇంటర్మీడియట్ విద్యార్థినుల వయస్సువారే. ఆహారం పట్ల అనారోగ్యకరమైన వైఖరి గలవారు మూడేళ్లలో 12.7 శాతం నుండి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గాలని తిన్నదానిని బలవంతంగా కక్కుకొనేవారు 1995లో ఒక్కరు కూడా లేరు. 1998లో 11.3 శాతం మంది ఉన్నారు. వారు చూచినవి విదేశీ ధారావాహికలు. కల్పిత కథలే ఇంతటి ప్రభావం చూపగా, వాస్తవమన్న పేరుతో వచ్చే ప్రదర్శనల విషయంలో మరింత జాగరూకత అవసరమని చెప్పక తప్పదు.

తెలుగు పలుకుబడులలో శరీరాన్ని గూర్చిన ఆప్యాయత తొంగిచూస్తుంది. సెలవులకు ఇంటికి వచ్చిన మనుమరాలిని చూచి 'చిక్కిపోయావేమే తల్లీ' అని అమ్మమ్మ బాధపడుతుంది. పసిబిడ్డను 'బొద్దుగా ముద్దుగా ఉన్నాడు' అని మెచ్చుకొంటారు. అయితే మన భాషలో ఎగతాళికీ కొదవ లేదు. లావుగా ఉన్నవానిని 'బండ' అని, సన్నగా ఉన్నవానిని 'పుల్ల' అని పిలవడం తరగతి గదులలో వినోదంగా చలామణి అవుతున్నది. ప్రాచీన వైద్యగ్రంథమైన చరకసంహిత అతిస్థూలునికీ, అతికృశునికీ కలిగే బాధలను ఒకే అధ్యాయంలో వివరించి, ఇద్దరికీ చికిత్స చెప్పింది. వైద్యునికి అవి చికిత్స చేయవలసిన స్థితులు. వాటిని వేడుకగా మార్చినప్పుడు ఆ మనిషి బాధ చూచేవారికి కనిపించకుండా పోతుంది.

టెలివిజన్‌ను వెలివేయడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. చూచే దృష్టిని మార్చుకోవడం మాత్రం అవసరం. ఈ ప్రదర్శన వల్ల లాభపడేది ఎవరు, ఎన్ని గంటల చిత్రీకరణను ఒక గంటకు కుదించారు, ముగింపు తరువాత ఆ మనిషి జీవితం ఏమయింది అనే ప్రశ్నలు వేసుకొనే అలవాటు యువతకు అలవడాలి. బరువు విషయంలో నిజంగా సందేహం కలిగినవారు వైద్యుని సలహా పొందాలి. ఆహారమంటే భయం, తిన్నందుకు అపరాధభావం కలుగుతున్నవారు ఆ మాటను దాచుకోకుండా తల్లిదండ్రులకో, అధ్యాపకులకో చెప్పుకోవాలి. అది సిగ్గుపడవలసిన విషయం కాదు, వైద్యసహాయంతో నయం చేసుకోగల రుగ్మత. ఇక తోటివారు చేయగలిగినది ఒకటి ఉంది. మధ్యాహ్న విరామంలో స్నేహితురాలు అన్నం డబ్బా మూత తీయకుండానే పక్కకు నెట్టివేసినప్పుడు, ఆమె పట్టుదలను మెచ్చుకోవడానికి బదులు పక్కన కూర్చొని కారణం అడగడం. ఆ చిన్న ప్రశ్న ఒక ఆరోగ్యాన్ని కాపాడవచ్చు.