హోపీ పిల్లల బడి యెట్లుండవలెను?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆరిజోనా యీశాన్యభాగమున మూడు బల్లపరుపు గుట్టలమీదను, వాని పాదములయందును హోపీలు నివసించుచున్నారు. వారి ఒరాయిబీ గ్రామము ఎనిమిది వందల యేండ్లకు పైగా జనవాసమై యున్నది. ఏటికి సుమారు పది యంగుళముల వానతోనే, కఱ్ఱతో లోతుగా గుంట త్రవ్వి, తేమ తగులుచోట విత్తనము వేసి, వారు మొక్కజొన్న పండించుకొందురు. ఇట్టివారి పసిపిల్లలకు పాఠశాల కట్టదలచినచో అది యెట్టిదై యుండవలెను?

చదువు పేర ఈ జనులు పడిన బాధను మఱవరాదు. 1887లో కీమ్స్ కానియన్‌నందు ప్రభుత్వము వసతిపాఠశాల తెఱచి బిడ్డలను తల్లులనుండి వేఱుచేసెను. దానికిని, మఱికొన్ని యాజ్ఞలకును లోబడని 19 మంది పురుషులను 1895లో ఆల్కట్రాజ్ ద్వీపమున చెఱయందుంచిరి. ఏ పట్టణమునందైన నుండదగిన సిమెంటు పెట్టెను నిలిపి, గోడలమీద నాలుగు హోపీ బొమ్మలు వ్రాయించినంతమాత్రమున అట్టి చేదు పోదు.

ఆ కట్టడము హోపీ యింటినుండియే నేర్చుకొనవలెనని మా యభిప్రాయము. వారి పాత యిండ్లకు మందమైన యిసుకరాతి గోడలు, దూలములపై మన్ను మెత్తిన కప్పులు; రాయలసీమ మట్టిమిద్దెల నెఱిగినవారికి ఇది వింత కాదు. పగటి యెండను ఆ గోడ మెల్లగా పీల్చుకొని రాత్రి చలివేళ మెల్లగా విడుచును. దక్షిణమున కిటికీలుంచినచో శీతకాలపు వాలుటెండ లోనికి వచ్చును. మిద్దెపై పడిన వాననీరు తొట్టిలో చేరి బడి చేనికి పాఱవలెను. నీటి విలువ అచ్చట ఒకరు చెప్పవలసినది కాదు: బ్లాక్ మేసా బొగ్గును పొడిచేసి, గొట్టమున 270 మైళ్లకు పైగా త్రోయుటకై, హోపీలును నవాహోలును త్రాగు భూగర్భజలమును 1970 మొదలు 2005 వఱకు తోడిరి.

ఒక్క విషయమున మాత్రము మేము గట్టిగా చెప్పెదము. నేలలో కట్టి, పైకప్పునుండి నిచ్చెనతో దిగు కీవా వారి పూజాస్థానము. అందముకొఱకు దానిని తరగతిగదిగా అనుకరించుట తగదు. ఏది పిల్లలకు చూపవచ్చునో, ఏది మఱుగున నుండవలెనో తేల్చవలసినవారు ఊరిపెద్దలే కాని, పటము గీయువారు కారు. పైగా హోపీలలో ఇల్లు స్త్రీలది, వంశము తల్లివలన వచ్చును. కావున పటమునకు ముందు అవ్వల నడుగుట న్యాయము.

రాతిపని ఖర్చని కొందఱనవచ్చును. ఖర్చే. కాని రాయి ఆ గుట్టలదే, పని తెలిసిన చేతులును ఆ యూరివే. గోడ బీటవాఱినప్పుడు దూరపు గుత్తదారునకై కనిపెట్టుకొని యుండనక్కఱలేదు.

భాష మాట మిగిలినది. 1998లో సుమారు ముప్పదివేల పదములతో హోపీ నిఘంటువు వెలువడినది. మంచి పనియే, అయినను పిల్లల నోట మాట నిలుపునది మనుష్యులు. అందుచేత ఆ బడిలో పొయ్యియు, దానిపై నునుపైన రాతిపలకయు గల గది యొకటి యుండవలెను. అవ్వ యొకతె నీలి మొక్కజొన్నపిండి జావను చేతితో ఆ పలకమీద పలుచగా పూసి ‘పీకీ’ రొట్టె తీయుచు మాటలాడుచుండగా, పిల్లలు చుట్టును కూర్చుండి వినుటకు చోటు చాలునంత గది కావలెను.